చీమలు పెట్టిన పుట్టలా, చెదలు పెట్టిన పుట్టలా?

సందేహం: ‘చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైనట్లు’ అని మా అబ్బాయికి చెబుతుంటే, పుట్టలు పెట్టేవి చీమలు కావు, చెదపురుగులని సైన్సు టీచరు చెప్పారన్నాడు. ఇన్నాళ్లూ మనం తప్పు సామెత వాడుతున్నామా? ‘చెదలు పెట్టిన’ అని దిద్దుకోవాలా? అలాగే, తలుపుకు ‘చెదలు పట్టింది’ అనాలా, ‘చెదలు పట్టాయి’ అనాలా? ‘పుట్టెడు దుఃఖం’లో ఉన్నదీ ఈ పుట్టేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: టీచరుగారు చెప్పింది నిజమే. పొలం గట్ల మీద, తోపుల్లో మనిషెత్తు లేచే మట్టి పుట్టలు చెదలు కట్టినవే. చీమలూ నేలలో గూళ్లు తవ్వుకుంటాయి. కానీ మన వైపు చీమలు తవ్విన మట్టిని కన్నం చుట్టూ పొడిపొడిగా పోసి ఊరుకుంటాయి. ఒక్క వానకు అది కొట్టుకుపోతుంది. చెద అలా కాదు. మట్టి రేణువును నోట కరుచుకొచ్చి, లాలాజలంతో తడిపి, ఒకదాని పక్కన ఒకటి అద్దుకుంటూ పోతుంది. ఆరాక అది గడ్డపారకు గాని లొంగదు.

చూపుకు ఒకేలా ఉన్నా చీమకూ చెదకూ చుట్టరికం లేదు. చీమది కందిరీగల వంశం. చెద బొద్దింకకు దాయాది. ఒకప్పుడు చెదలను వేరే క్రమంగా (పురుగుల వర్గీకరణలో ఒక పెద్ద విభాగంగా) లెక్కించిన శాస్త్రజ్ఞులు ఇప్పుడు బొద్దింకల క్రమంలోనే కలిపేశారు. చీమకు నడుము సన్నం, చెదకు నడుమే కనబడదు. చీమ మీసం మధ్యలో వంగి ఉంటుంది, చెద మీసం పూసలు గుచ్చినట్లు తిన్నగా ఉంటుంది. పైగా చీమ చెదకు ఆగర్భశత్రువు. పుట్టకు గండి పడిందా, ముందుగా దండెత్తేది చీమలే. ఆ లెక్కన పుట్ట పాముల పాలైంది, పేరు చీమల పాలైంది. సామెత చెప్పిన అన్యాయం సామెతలోనే జరిగిందన్నమాట!

అయినా సామెతను దిద్దకండి. అది సుమతీ శతకంలోని కంద పద్యం మొదటి మాట. ఆ పద్యం నాలుగు పాదాలూ చీమలు, పాముల, హేమంబు, భూమీశుల అని మొదలవుతాయి. రెండో అక్షరం మకారం ప్రాస. మొదటి అక్షరం గురువు. అక్కడ ‘చెదలు’ పెడితే ప్రాస పోతుంది, గురువు కాస్తా లఘువై కూర్చుంటుంది. కూడబెట్టింది ఒకరు, అనుభవించేది మరొకరు అనేదే కవి చెప్పదలచుకున్నది. పురుగుల వర్గీకరణ ఆయన పని కాదు. ‘ఇరవు’ అంటే ఉండే చోటు. ఆ మాట మాత్రం అక్షరాలా సరిపోయింది. పాము పుట్ట తవ్వలేదు. చెదలు విడిచిన పుట్టలో ఎండకాలమూ చలువ, తేమ ఉంటాయి. ఎలుకలూ చేరతాయి. ఇక పాముకు కావలసిందేముంది? ఇంగ్లీషువాళ్లూ చాలాకాలం చెదను ‘తెల్లచీమ’ అనే అన్నారు. ఆ పేరును మక్కికి మక్కి దించి మన పాఠాల్లో ‘తెల్లచీమలు’ అని రాయడం మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. చెద అనే చక్కటి మాట ఉండగా ఈ అరువెందుకు?

సామెతను బట్టి మన పెద్దలకు పుట్ట సంగతి తెలియదనుకోకండి. ‘పుట్టగొడుగు’ అనే మాటనే తీసుకోండి. ఈ రోజుల్లో షెడ్డుల్లో వరిగడ్డి మీద పెంచేవాటికీ ఆ పేరే పాకింది గానీ, అసలు పుట్టగొడుగు పుట్ట మీద మొలిచేదే. మన పుట్టల్లోని చెదలు ఎండుటాకులను, గడ్డిని నమిలి, తమ విసర్జనతో బోలుబోలుగా ఉండే ముద్దలు చేసి, వాటి మీద ఒక శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి. కట్టెలో, గడ్డిలో ఉండే గట్టి పదార్థాన్ని ఆ శిలీంధ్రం మెత్తబరుస్తుంది. దాన్నే చెదలు తింటాయి. వానలు పడ్డాక ఆ శిలీంధ్రం మట్టిని చీల్చుకుని పైకి గొడుగు విప్పుతుంది. పీకబోతే కాడ తెగి చేతికొస్తుంది. ఓపిగ్గా మట్టి తీస్తూ పోతే ఆ కాడే సన్నని వేరులా సాగి, అడుగున ఉన్న ఆ ముద్ద దాకా పోయి ఉంటుంది. చెదల ఈ వ్యవసాయం వయసు సుమారు 3 కోట్ల ఏళ్లని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ సంబంధాన్ని పేరులోనే పెట్టుకున్న భాష మనది.

‘ఉసిళ్లు’ కూడా ఈ చెదలే. ఉసుళ్లు, ఈసుళ్లు అని కూడా అంటారు. అవి వేరే జాతి అని చాలామంది అనుకుంటారు. తొలకరి జల్లు పడిన సాయంత్రం పుట్టలోంచి బిలబిలమని లేచి దీపాల మీద పడే ఈ రెక్కల పురుగులు చెదలలో పెళ్లీడుకొచ్చినవి. కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చి, జంట కుదిరితే కొత్త పుట్టకు రాజూ రాణీ అవుతాయి. ఎక్కువభాగం బల్లులకు, కాకులకు, మనుషులకు ఆహారమవుతాయి. పల్లెల్లో దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి వాటిని పట్టి, వేయించి, చేటలో రెక్కలు చెరిగి తింటారు.

ప్రపంచంలో సుమారు 3,000 రకాల చెదలుంటే ఇళ్లకూ పైర్లకూ చేటు చేసేవి కొద్ది రకాలే. మిగతావి రాలిన ఆకునూ విరిగిన కొమ్మనూ మళ్లీ మట్టిలో కలుపుతాయి. తేమ కోసం లోతుకు దిగి అడుగు మట్టిని పైకి తెస్తాయి. 6వ శతాబ్దపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలాల జాడ చెబుతూ, నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే చెట్టుకు దక్షిణాన తియ్యని నీళ్లు పడతాయన్నాడు. దాన్ని నమ్మి బోరు వేయమనడం లేదు. పుట్టకూ నీటికీ ఉన్న సంబంధం ఎప్పటినుంచో మనవాళ్ల దృష్టిలో ఉందని మాత్రమే అంటున్నాను. ఇక పుట్టమన్ను నాగుల చవితినాడు చెవులకు పెట్టుకుంటాం, పెళ్లి క్రతువులోనూ వాడతాం. తాటాకు గ్రంథాలను ఎంతగా పొట్టన పెట్టుకున్నాయో తలచుకుంటే నాబోటివాడికి చెద మీద ప్రేమ కలగడం కష్టమే గానీ, న్యాయం న్యాయమే.

మీ రెండో సందేహం దగ్గరికి వస్తాను. ఇవాళ్టి వ్యాకరణం ప్రకారం చెద ఏకవచనం, చెదలు బహువచనం. కాబట్టి ‘చెద పట్టింది’, ‘చెదలు పట్టాయి’. పరీక్షలో పిల్లవాడి చేత అలాగే రాయించండి. కానీ జనం నోట ‘చెదలు పట్టింది’ అనే మాట బాగా వినిపిస్తుంది. దాన్ని తప్పని కొట్టేయడానికి నాకు చేతులు రావడం లేదు. బూజు పట్టింది, తుప్పు పట్టింది అన్నట్లు ఇక్కడ మన దృష్టి ఒక్కో పురుగు మీద లేదు, వస్తువుకు పట్టిన చేటు మీద ఉంది. అంతకంటే లోతైన కారణం ఇంకోటుంది. తమిళంలో చెదను ‘చిదల్’ అంటారు, కన్నడంలో ‘గెద్దలు’. కన్నడ ‘కివి’ మనకు ‘చెవి’ అయినట్లే ఇక్కడా మొదటి హల్లు చకారమైంది. ఆ రెండు భాషల్లోనూ చివరి లకారం మాటలో భాగమే, బహువచన ప్రత్యయం కాదు. అంటే మన ‘చెదలు’ కూడా మొదట ఏకవచనమే అయి ఉండాలి. తర్వాత ఆ ‘లు’ను చూసి బహువచనమని భ్రమపడి, దాన్ని తీసేసి ‘చెద’ అనే ఏకవచనం చేసుకున్నామని నా ఊహ. ఇలాంటి భ్రమ మనకు కొత్త కాదు. తమిళ ‘పాల్’, కన్నడ ‘హాలు’ ఏకవచనాలు. మనం మాత్రం ‘లు’ ఉంది కదా అని ‘పాలు పొంగాయి’ అంటున్నాం. అక్కడ ‘పా’ అనే ఏకవచనం పుట్టలేదు, అదృష్టం.

పుట్ట అనే మాట ‘పుట్టు’ ధాతువు నుంచి, అంటే నేలలోంచి పుట్టింది కాబట్టి, వచ్చిందని కొందరు చెబుతారు. వినడానికి బాగుంది గానీ నిలవదు. కన్నడంలో జన్మించడం ‘హుట్టు’, పుట్ట ‘హుత్త’. తమిళంలో పుట్ట ‘పుఱ్ఱు’. తమిళ ‘చుఱ్ఱు’, కన్నడ ‘సుత్తు’ మన ‘చుట్టు’ అయినట్లే పుఱ్ఱు, హుత్త మన ‘పుట్ట’ అయ్యాయి. రెండు వేర్వేరు మాటలు తెలుగులో ఒకే రూపంలోకి వచ్చి కలిశాయి, అంతే.

‘పుట్టెడు దుఃఖం’లో మాత్రం ఈ పుట్ట లేదు. అక్కడున్నది 20 తూముల కొలత అయిన ‘పుట్టి’. పుట్టెడు వడ్లు ఎలాగో పుట్టెడు దుఃఖం అలాగే. ‘అనుమానాల పుట్ట’ అని ఎవరినైనా అంటే అది మాత్రం చెదల పుట్టే.