ఉద్యోగం కోసం ముక్కుకు సర్జరీ చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. బీకాం చివరి సంవత్సరం చదువుతూనే క్యాబిన్ క్రూ శిక్షణలో చేరింది. ముక్కు సరిచేయించుకుంటే ఇంటర్వ్యూలో బాగుంటుందని అక్కడెవరో అన్నప్పటి నుంచి సర్జరీ చేయించమని పట్టుబడుతోంది. నగలు తాకట్టు పెట్టైనా చేయించమంటారా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో ఉద్యోగం సంగతీ, అమ్మాయి తన ముఖం గురించి పడుతున్న బాధా కలిసిపోయాయి. ఈ రెండింటినీ విడదీసి చూడండి. ఉద్యోగం వరకు నా సమాధానం స్పష్టం: అందుకోసమైతే ఈ సర్జరీ అవసరం లేదు.

మన విమానయాన సంస్థలు ఈ ఉద్యోగానికి మహిళా అభ్యర్థుల నుంచి సాధారణంగా ఇంటర్ ఉత్తీర్ణత, కనీసం 155 సెంటీమీటర్ల ఎత్తు, ఎత్తుకు తగిన బరువు, ఇంగ్లిష్, హిందీ ధారాళంగా మాట్లాడగలగడం, యూనిఫాం వేసుకున్నప్పుడు కనిపించే చోట టాటూలు లేకపోవడం వంటివి కోరతాయి. శుభ్రంగా, చక్కగా తయారై రావాలంటారు తప్ప ముక్కు ఫలానా విధంగా ఉండాలని ప్రకటనల్లో రాయరు. ఆ సలహా ఇచ్చినవారిని, ఏ సంస్థ నియామక ప్రకటనలో ఆ నిబంధన ఉందో చూపించమని అడగండి. నాకు తెలిసినంతవరకు, మన ప్రాంత అభ్యర్థులు ఎక్కువగా వెనకబడేది హిందీలోనూ, బృంద చర్చలో గొంతు విప్పడంలోనూ.

పైగా ఈ వృత్తికి ముక్కు ఆకారం కన్నా దాని పనితీరు ముఖ్యం. జలుబుతో ముక్కు దిబ్బడ వేసినప్పుడు విమానం కిందికి దిగుతుంటే చెవులు ఎంత నొప్పి పెడతాయో ప్రయాణం చేసినవారికి తెలుసు. ముక్కు సర్జరీ తర్వాత కొందరికి శ్వాస ఆడటంలో ఇబ్బంది మిగిలిపోవచ్చు, కొందరికి రెండోసారి సర్జరీ అవసరం కావచ్చు. రోజూ గాలిలో ఎగరబోయే అమ్మాయి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. సాధారణంగా మొదటి వారం ముక్కుపై పట్టీ ఉంటుంది, కళ్ల కింద కమిలిన మచ్చలు తగ్గడానికి ఇంచుమించు రెండు వారాలు పడుతుంది, లోపలి వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి ఏడాది దాకా పట్టవచ్చు. ఇంటర్వ్యూలు దగ్గర పెట్టుకుని చేయించుకోదగిన పని కాదిది.

ఇక రెండో సంగతి. అమ్మాయి మేజరు, నిర్ణయం ఆమెదే. మీరు గట్టిగా కాదంటే ఆలోచన ఆగిపోతుందనుకోకండి. 2016లో హైదరాబాద్‌లో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంట్లో చెప్పకుండా ఎత్తు పెరిగేందుకు కాళ్లకు సర్జరీ చేయించుకున్నాడు. సంగతి తెలిసిన తల్లిదండ్రులు ఆందోళనకు దిగితే పత్రికలకెక్కింది. మీ ఇంట్లో వ్యవహారం దాపరికం దాకా వెళ్లకూడదంటే ఆమెను కూర్చోబెట్టుకుని నిదానంగా అడగండి. ఎవరూ ఏమీ అనకముందు కూడా ఈ కోరిక ఉండేదా? ఉద్యోగం వచ్చేసినా ఇదే కోరుకుంటుందా? గంటల తరబడి అద్దం ముందే గడపడం, ఫోటోలు తప్పించుకోవడం, ఇతరులకు పెద్దగా కనిపించని లోపం గురించి పదే పదే అడుగుతుండటం గమనించారా? ఇవి ఉంటే అది బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక సమస్య కావచ్చు. దానికి కౌన్సెలింగ్, అవసరమైతే మందులు పనిచేస్తాయి. సర్జరీ మాత్రం సాధారణంగా తృప్తినివ్వదు, ఒక లోపం పోయిందనుకునేలోగా మరొకటి కనిపిస్తుంది. కాబట్టి ముందు సైకియాట్రిస్టును లేదా క్లినికల్ సైకాలజిస్టును కలవండి.

అలాంటిదేమీ లేక, చాలాకాలంగా నిలకడగా ఉన్న కోరికే అయితే, ఉద్యోగంలో చేరి తన సంపాదనతో చేయించుకోవడంలో తప్పేమీ లేదు. అప్పుడు కూడా ఎంఎస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ చేసినవారి వద్దకు గానీ, ముక్కు సర్జరీల్లో అనుభవమున్న ఈఎన్‌టీ సర్జన్ వద్దకు గానీ వెళ్లాలి. రాష్ట్ర వైద్య మండలిలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో, ఆసుపత్రిలో మత్తు డాక్టరు, అత్యవసర వైద్య సదుపాయం ఉన్నాయో లేదో చూసుకోవాలి. తొలి సంప్రదింపులోనే అడ్వాన్సు కట్టమని తొందరపెట్టే చోట నేనైతే రెండోసారి అడుగు పెట్టను.

నగల విషయం కూడా చెప్పాలి. అందం కోసం చేయించుకునే సర్జరీకి ఆరోగ్య బీమా వర్తించదు, పైగా జీఎస్టీ కూడా పడుతుంది. ప్రమాదం, కాలిన గాయాలు, పుట్టుకతో వచ్చిన లోపాల వంటి కారణాలతో చేసే సర్జరీల సంగతి వేరు. ఒకవేళ అమ్మాయికి ముక్కు దూలం వంకరగా ఉండి ఊపిరి సరిగా ఆడకపోతే అది వైద్యావసరం కిందికి వస్తుంది గనుక, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి పాలసీ నిబంధనలు చదువుకోండి. లేదంటే నగలు ఇంట్లోనే ఉంచి, ఈ మూడు నెలలు హిందీ సంభాషణకు మంచి ట్యూషన్ పెట్టించి, నేరుగా జరిగే రెండు, మూడు ఇంటర్వ్యూలకు పంపండి. ఎక్కడ, ఏ దశలో ఆగిపోయిందో రాసి పెట్టుకోమనండి. ఆ వివరాలతో మళ్లీ రాస్తే తర్వాత ఏం చేయాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.