బెంగళూరు సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో వేడెక్కే పాత కారుకి ఏ కూలెంట్?

సెకండ్‌హ్యాండ్ కారు కొన్న ఒకరు, సిగ్నళ్ల దగ్గర వేడెక్కుతోంది, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఆకుపచ్చది పోయాలా, ఎర్రదా అని అడిగారు. రంగు చూసి కొనకండి. రంగు కంపెనీ ఇష్టం, లోపలి రసాయనం సంగతి అది చెప్పదు. ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన రకమే తీసుకోండి. పొసగని రెండు రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం తగ్గుతుంది, ఒక్కోసారి జిగురుగా మారి రేడియేటర్ సన్నగొట్టాలు పూడుకుపోతాయి.

పాత ఓనరు ఏం పోశారో తెలీదన్నారు కాబట్టి ముందు ఫ్లష్ చేయాలి, అంటే లోపలంతా నీళ్లతో కడగాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ క్యాప్ తీయండి, లేదంటే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. పాత కూలెంట్ బయటికి వదిలేసి, డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ ఫుల్ పెట్టి, రేడియేటర్ పైహోస్ (పై గొట్టం) వేడెక్కేదాకా ఇంజన్ నడపండి. చల్లారాక ఆ నీళ్లు బయటికి వదిలేయండి. తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు ఇదే పని. బోరునీళ్లు వద్దే వద్దు, లోపల పొలుసు కడుతుంది.

ఫ్లష్ తర్వాత కొంత నీరు ఇంజన్ బ్లాకులోనే మిగులుతుంది. అందుకే 5 లీటర్లు పట్టే బండైతే ముందు 2.5 లీటర్ల కాన్సంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్) పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. ముందే నీళ్లు కలిపిన రెడీమిక్స్ పోస్తే పలచబడిపోతుంది.

అసలు హైవేలో బాగుండి, సిగ్నళ్ల దగ్గరే టెంపరేచర్ సూది ఎక్కుతోందంటే నాకు రేడియేటర్ ఫ్యాన్ మీదే అనుమానం. ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు చెక్ చేయించండి. క్యాప్ రబ్బరు గట్టిపడితే మార్చేయండి. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తు, మామూలు నీరు ఇక్కడ 97 డిగ్రీలకే మరుగుతుంది. క్యాప్ లోపల ప్రెషర్ నిలిపితేనే అంతకంటే వేడిలో మరుగుతుంది, ప్రెషర్ పట్టని క్యాప్‌తో ఎంత మంచి కూలెంటైనా పొంగుతుంది.

తీసిన కూలెంట్ రోడ్డు మీద పారబోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి.