సైకిలు మీద ఓట్లడగబోయే మా అబ్బాయికి

నాయనా,

ఉదయగిరి నుంచి ఇండిపెండెంటుగా నిలబడి ఊరూరా సైకిలు మీదే తిరుగుతానని రాశావు. మంచి ఆలోచన. కారు వెళ్లిపోయేదాకా చూసి ఊరుకునే జనం సైకిలైతే ఆపి మరీ మాట్లాడతారు. అయితే ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. మన రాష్ట్రంలో సైకిలు తెలుగుదేశం గుర్తు. నువ్వు సైకిలు తొక్కి పోతే ముసలివాళ్లకు పోలింగు రోజు గుర్తుండేది సైకిలే, మీట నొక్కేదీ దానికే. పడిన కష్టం నీది, ఓటు వాళ్లది అవుతుంది.

అందుకని గుర్తు ఇచ్చిన రోజే పల్చటి రేకు కోయించి, నీ గుర్తు పెద్దదిగా వేయించి ఫ్రేము మధ్య రెండు వైపులా కట్టు. మోకాళ్లకు తగలకూడదు. ఇంకొకటి క్యారియరు వెనక కట్టు. హ్యాండిలు ముందు మాత్రం బోర్డు పెట్టొద్దు, గాలి పట్టి బండి పక్కకు లాగుతుంది. ఊళ్లోకి రాగానే సైకిలుకు స్టాండు వేసి, గుర్తు అట్ట చేతబట్టి నడిచి తిరుగు. మెషీను మీద గుర్తింపు పార్టీల పేర్లయ్యాకే ఇండిపెండెంట్లవి వస్తాయి. ఒక్కో యూనిట్‌లో 16 మీటలే ఉంటాయి కాబట్టి నీ పేరు రెండో దాంట్లో పడినా పడొచ్చు. వరస నంబరు తెలిసినప్పటినుంచి పేరు కంటే ముందు నంబరూ గుర్తూ చెప్పు. మెషీను మీద ఫొటో కూడా ఉంటుంది, కరపత్రం మీద అదే ఫొటో వేయించు. ప్రింటరు, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు లేని కరపత్రం అచ్చు వేయించడం నేరం.

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగుకు కనీసం 14 రోజులుంటాయి. 2024లో ఏప్రిల్ 29న గడువు ముగిసింది, మే 13న పోలింగు జరిగింది. చివరి 48 గంటలు ప్రచారం బందు. నికరంగా దొరికేది 12 రోజులు. బరువుతో గంటకు 10, 12 కిలోమీటర్లకు మించి పోలేవు. రోజుకు 30 కిలోమీటర్లు, ఆరేడు ఊళ్లు చాలు. ఎనిమిది మండలాల్లో ప్రతి పల్లే తిరగాలనుకుంటే ఎక్కడా నిలబడి మాట్లాడలేవు. వెంట ఆటో పెట్టుకుంటే రిటర్నింగ్ అధికారి పర్మిట్ తీసుకుని అద్దం మీద అసలు కాగితమే అంటించాలి.

ఎండాకాలం ఎన్నికలైతే తెల్లారి అయిదున్నరకే బయల్దేరు. పాలకేంద్రం దగ్గర జనం ఉంటారు, తర్వాత ఉపాధి పనికి వెళ్లిపోతారు. ఉదయం 6 లోపు, రాత్రి 10 తర్వాత మైకు పట్టకూడదు. పొద్దెక్కేకొద్దీ పడమటి గాలి పెరిగే రోజుల్లో పొద్దున పడమరకు పోయి తిరుగు దారిలో తూర్పుకు రా. పదిన్నరకల్లా నీడ పట్టాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్లలో కలుపు, దాహం వేయకముందే తాగుతుండు.

ఈ దారుల్లో సర్కారు తుమ్మ ముల్లే పెద్ద శత్రువు. పంక్చరైతే రోడ్డు మీద అతుకు వేస్తూ కూర్చోకు. ట్యూబు మార్చేసి, పాతదానికి రాత్రి అతుకు వేయించు. మార్చేముందు టైరు లోపలంతా గుడ్డతో తడిమి చూడు. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే ముల్లు మొన అక్కడే ఉంటుంది, తియ్యకపోతే కొత్త ట్యూబునూ వెంటనే పొడుస్తుంది. రెండు ట్యూబులు, గాలిపంపు, టైరు లివర్లు, పానాలు దగ్గరుంచుకో. వాల్వు రబ్బరు ముక్కలు నాలుగు జేబులో వేసుకో. ఎండకు ఆ రబ్బరు చీకిపోయి గాలి దిగుతుంటే చాలామంది పంక్చరనుకుని టైరు విప్పేస్తారు. మట్టిదారిలో నూనె ఎక్కువైతే చైనుకు దుమ్ము పట్టి గరగరలాడుతుంది, చుక్కలుగా వేసి తుడిచెయ్యి.

ఖర్చుకు నామినేషనుకు ముందురోజుకల్లా విడిగా బ్యాంకు ఖాతా తెరువు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు లెక్కలు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే 3 ఏళ్లు పోటీకి అనర్హుడివని ఎన్నికల సంఘం ప్రకటించొచ్చు. పంక్చరు కుర్రాడికిచ్చిన డబ్బులు కూడా ఏ రోజువి ఆ రోజే రిజిస్టరులో రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న