బర్డ్ అభిమానినే, అయినా నా ఓటు లెబ్రాన్‌కే

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అన్ని తరాలూ కలిపి చూస్తే గొప్ప స్మాల్ ఫార్వర్డ్ (బాస్కెట్ దగ్గరా, బయటా రెండుచోట్లా ఆడాల్సిన స్థానం) లెబ్రాన్ జేమ్సా, లారీ బర్డా అని అడిగారు. కెవిన్ డ్యురాంట్‌ని ఈ పోటీలోకి ఎవరూ ఎందుకు రానివ్వరని కూడా చివర్లో అడిగారు. జవాబు ముందే చెప్పేస్తాను: లెబ్రాన్. హాస్టల్ గదిలో బర్డ్ పోస్టరు అంటించుకున్నవాడు చెప్తున్న మాట ఇది, ఆ సంగతి గుర్తు పెట్టుకుని చదవండి.

ఇంజనీరింగ్ కాలేజీ జట్టులో నేను ఆడింది ఈ స్థానంలోనే. పొడుగ్గా ఉన్న ఇద్దర్నీ పీడీ సారు బోర్డు కింద నిలబెట్టేవారు. డ్రిబ్లింగ్ బాగా వచ్చిన ఇద్దరికీ బాల్ అప్పగించేవారు. మిగిలిన నాతో "నువ్వు అన్నీ చూసుకోరా" అనేవారు. అన్నీ అంటే నిజంగానే అన్నీ. రీబౌండ్‌కి, అంటే షాట్ తప్పి వెనక్కొచ్చిన బాల్‌కి, లోపలికి దూకాలి, బాల్ చేతికి రాగానే అవతలి బాస్కెట్ దాకా పరిగెత్తాలి, బయట నుంచి షాట్ వేయాలి, అవతలి జట్టులో బాగా ఆడేవాణ్ణి ఆపే పని కూడా మన మెడకే. సెకండాఫ్ మొదలయ్యేసరికి కాళ్ళు పీకేవి. అందుకే ఈ స్థానంలో ఎవరు ఆడుతున్నా నేను పాయింట్లు తర్వాత చూస్తాను. కోచ్ ఏ పని అతనికి ఇవ్వకుండా తప్పిస్తున్నాడు అన్నది ముందు చూస్తాను. అలాంటి పని ఎంత తక్కువ ఉంటే వాడు అంత గొప్ప.

"లెబ్రాన్‌ని 1960కి పంపితే ఏం చేసేవాడు, బర్డ్‌ని ఇప్పుడు దింపితే ఏమయ్యేవాడు" అనే వాదన నాకు ఎక్కదు. ఎవరి కాలంలో వాళ్ళు ఏం మోశారో చూడటమే న్యాయం. 1960ల్లో లేకర్స్ జట్టుకి ఈ స్థానంలో ఆడిన ఎల్జిన్ బేలర్ సంగతే తీసుకోండి. 1961-62 సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 38.3 పాయింట్లు. అప్పట్లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి వందకు పైగా షాట్లు వేసేది, ఇప్పుడు తొంభై దగ్గర, కాబట్టి ఆ అంకెని కొంత తగ్గించి చూడాల్సిందే. అయితే ఆ ఏడాది బేలర్ ఆర్మీ రిజర్వ్ డ్యూటీలో ఉన్నాడు. సెలవు దొరికినప్పుడు, ఎక్కువగా వీకెండ్స్‌లో, విమానమెక్కి వచ్చి ప్రాక్టీసు లేకుండానే మ్యాచ్ ఆడి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. అలా ఆడినవి 48 మ్యాచ్‌లు. ఆ సీజన్ ఫైనల్స్ (టైటిల్ కోసం ఆడే సిరీస్, ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళదే) ఐదో మ్యాచ్‌లో బోస్టన్ సెల్టిక్స్ మీద 61 పాయింట్లు కొట్టాడు. ఫైనల్స్‌లో ఒక్క మ్యాచ్‌లో అన్ని పాయింట్లు ఇప్పటికీ ఇంకెవరూ చేయలేదు.

అప్పటి ప్రయాణాలు ఎలా ఉండేవంటే, 1960 జనవరిలో లేకర్స్ జట్టు విమానం మంచు తుఫానులో దారి తప్పి అయోవాలో ఒక మొక్కజొన్న చేలో దిగింది. అందులో బేలర్ ఉన్నాడు. అంతకు ఏడాది ముందు వెస్ట్ వర్జీనియాలోని చార్ల్స్‌టన్‌లో నల్లజాతి ఆటగాళ్ళకి గదులు ఇవ్వమని హోటల్ వాళ్ళంటే, ఆ ఊళ్ళో మ్యాచ్ ఆడేది లేదని భీష్మించుకున్నాడు. ఎనిమిదిసార్లు ఫైనల్స్‌లో ఓడాడు నిజమే. అందులో ఏడుసార్లు ఎదురుగా ఉన్నది డిఫెన్స్ దిగ్గజం బిల్ రసెల్ ఉన్న బోస్టన్. టైటిల్ లేదన్న ఒక్క కారణంతో బేలర్‌ని పదో స్థానానికి తోసేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. నా లెక్కలో అతనిది మూడో స్థానం.

మిగతావాళ్ళని త్వరగా చెప్పేస్తాను. జూలియస్ ఎర్వింగ్, అంటే డాక్టర్ జె, గాల్లో ఉండగానే మనసు మార్చుకోగల మనిషి. 1980 ఫైనల్స్‌లో బోర్డు వెనక నుంచి తిరిగి వచ్చి వేసిన ఆ లేఅప్ (బాస్కెట్ దగ్గరికి వెళ్ళి వేసే షాట్) ఇప్పుడు చూసినా నమ్మబుద్ధి కాదు. 1976లో ఏబీఏ అనే పోటీ లీగ్ నుంచి నాలుగు జట్లు ఎన్‌బీఏలో చేరేదాకా అతని ఆట దేశమంతా సరిగ్గా చూడనేలేదు, అదొక దురదృష్టం. రిక్ బ్యారీ ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఇచ్చే ఉచిత షాట్లు) కింద నుంచి రెండు చేతులతో వేసేవాడు, అందరూ నవ్వేవాళ్ళు, బాల్ మాత్రం లోపల పడేది. 1975లో వారియర్స్‌కి టైటిల్ తెచ్చాడు. జాన్ హావ్లిచెక్‌కి ఎనిమిది టైటిల్స్, స్కాటీ పిప్పెన్‌కి ఆరు. డిఫెన్స్ మాత్రమే లెక్కయితే పిప్పెన్‌ని మొదట రాస్తాను.

ఇక బర్డ్. అతను రాకముందు బోస్టన్ సీజన్ మొత్తంలో గెలిచినవి 29 మ్యాచ్‌లు. 1979-80లో అతను వచ్చిన మొదటి ఏడాదే 61. 1984, 85, 86లో వరసగా మూడు ఎంవీపీలు, అంటే సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డులు. ఈ స్థానంలో ఆడినవాళ్ళలో ఆ ఘనత ఇంకెవరికీ లేదు, లెబ్రాన్‌తో సహా. ఎత్తుకి ఎగరలేడు, వేగం లేదు, చూస్తే పక్కింటి బ్యాంకు క్లర్కులా ఉంటాడు. అయినా అందరికంటే ఒక క్షణం ముందుంటాడు. 1987 ఈస్ట్ ఫైనల్స్ (లీగ్‌లోని తూర్పు జట్ల ఫైనల్ సిరీస్) ఐదో మ్యాచ్ వీడియో తప్పకుండా చూడండి. డెట్రాయిట్ ఒక్క పాయింట్ ముందుంది, మిగిలింది ఐదు సెకన్లు, బాల్ కూడా వాళ్ళదే. ఐసయా థామస్ సైడ్‌లైన్ దగ్గర నుంచి కాస్త మెత్తగా పాస్ ఇచ్చాడు. ఎక్కడి నుంచో బర్డ్ చెయ్యి వచ్చింది. బాల్ అందుకున్నాక కూడా శరీరం గీత దాటి బయటికి పోతోంది. ఒక కాలి మీద ఆపుకుని, వెనక్కి తిరిగి, బాస్కెట్ వైపు పరిగెడుతున్న తోటి ఆటగాడు డెనిస్ జాన్సన్ చేతికి ఇచ్చాడు. లేఅప్. 108-107. చాలామంది ఆ బాల్ లాక్కోవడం గురించే మాట్లాడతారు. నన్ను అడిగితే అసలు గొప్పతనం తర్వాతి పాస్‌లో ఉంది. బాల్ దొరకగానే ఎవరైనా తామే షాట్ విసిరేస్తారు, నేనైతే కచ్చితంగా విసిరేవాణ్ణి.

అతని దగ్గర తక్కువైనవి రెండు. ఒకటి, అవతలి జట్టులో చురుకైన ఫార్వర్డ్ ఉంటే అతన్ని ఆపే డ్యూటీ తరచుగా తోటి ఆటగాడు కెవిన్ మెక్‌హేల్‌కి పడేది. బర్డ్ తెలివిగా దారులు మూసేవాడు, బాల్ లాక్కునేవాడు, ఒకరితో ఒకరుగా ఆపమంటే కష్టం. రెండోది ఒళ్ళు. 1985 వేసవిలో అమ్మ ఇంటికి దారి వేస్తూ తనే పార పట్టి కంకర ఎత్తి నడుము పాడు చేసుకున్నాడు. కోట్లు సంపాదించే ఆటగాడికి కూలీలు దొరకలేదా అని నాకు ఇప్పటికీ కోపం. ఆ నడుముతోనే 1986లో టైటిల్ కొట్టాడు కానీ, 1992కి ఆట ముగిసిపోయింది.

లెబ్రాన్ విషయంలో కెరీర్ మొత్తం పాయింట్ల రికార్డు గురించి అందరికీ తెలుసు. 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387ని దాటాడు, మరుసటి ఏడాది 40,000 కూడా. నన్ను ఒప్పించింది అది కాదు. ఒహాయోలో ఉద్యోగం చేసిన రోజుల్లో కొలంబస్ నుంచి కారులో వెళ్ళి క్లీవ్‌లాండ్‌లో అతని ఆట చూసేవాణ్ణి. చవక టికెట్లు, పైన చివరి వరసలు. టీవీలో కెమెరా బాల్ వెంట పోతుంది కాబట్టి అతను చేసే సగం పని మనకి కనపడదు. పై నుంచి పదిమందీ కనిపిస్తారు. డిఫెన్స్‌లో వెనక నిలబడి, అవతలివాళ్ళు ఇంకా సర్దుకుంటూ ఉండగానే ఏం ఆడబోతున్నారో పసిగట్టి చెయ్యి చూపిస్తూ అరిచేవాడు. ఒకసారి తోటి ఆటగాణ్ణి జెర్సీ పట్టుకుని రెండడుగులు పక్కకి లాగాడు. సరిగ్గా అక్కడికే పాస్ వచ్చింది. ఇక అటాక్‌లో, ముగ్గురు మీద పడుతుంటే గాల్లోకి లేచి, అవతలి మూలనున్న షూటర్‌కి ఒంటి చేత్తో కొట్టే పాస్ ఉంటుంది చూడండి, అది ఇంత ఎత్తు మనిషి ఇవ్వాల్సిన పాస్ కాదు.

ఇందాక చెప్పిన నా కొలత ఇక్కడ పెట్టండి. కోచ్ అతనికి ఇవ్వకుండా తప్పించిన పని ఏది? 2011 ఈస్ట్ ఫైనల్స్‌లో ఆ ఏడాది ఎంవీపీ డెరిక్ రోజ్‌ని, అంటే లీగ్‌లోనే అతి వేగమైన పాయింట్ గార్డుని (బాల్ తెచ్చి ఆట నడిపించేవాణ్ణి), మ్యాచ్ చివర్లో ఆపే పని లెబ్రాన్‌కి ఇచ్చారు. ఆపాడు. 2019-20లో లేకర్స్‌కి పాయింట్ గార్డు పనే చేసి, లీగ్ మొత్తంలో అసిస్టుల్లో (తోటివాడు బాస్కెట్ వేసేలా ఇచ్చిన పాస్‌ల్లో) మొదటివాడయ్యాడు. 2016 ఫైనల్స్‌లో, ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన వారియర్స్ మీద క్లీవ్‌లాండ్ 3-1 వెనకబడి గెలిచింది. ఆ సిరీస్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ (లాక్కున్న బాల్స్), బ్లాక్స్ (అడ్డుకున్న షాట్లు) ఐదింటిలోనూ రెండు జట్లలో మొదటివాడు అతనే.

బర్డ్ రాకతో 29 కాస్తా 61 అయింది అన్నాను కదా. లెబ్రాన్ వెళ్ళిపోతే ఏమైందో చూడండి. 2009-10లో క్లీవ్‌లాండ్ 61 గెలిచింది. అతను మయామికి వెళ్ళిన మరుసటి ఏడాది 19. తిరిగొచ్చాక 33 నుంచి 53. 2018లో మళ్ళీ వెళ్ళాడు, 50 నుంచి మళ్ళీ 19. గాయాలు, కోచ్‌ల మార్పులు, ఇతర ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, ఇవన్నీ ఉన్నాయి, కాదనను. అయినా ఒకే మనిషి రాకపోకలతో ఒకే జట్టు ఇన్నిసార్లు లేచి పడటం మామూలు సంగతి కాదు.

మచ్చలు లేవా అంటే ఉన్నాయి. 2011 ఫైనల్స్‌లో డల్లాస్ మీద మ్యాచ్‌కి 17.8 పాయింట్లే, నాలుగో క్వార్టర్ వస్తే బాల్ అంటే భయపడ్డట్టు ఆడాడు. ఫైనల్స్‌లో నాలుగు గెలుపులు, ఆరు ఓటములు. ఫ్రీ త్రో లైన్ దగ్గర ఒక్క షాటు మీద నా ఇల్లు పందెం కాయాల్సి వస్తే ఆలోచించకుండా బర్డ్‌నే పంపుతాను. "ఇప్పుడు తాకితే ఫౌల్, అప్పట్లో ఒళ్ళు హూనమయ్యేది" అనే మాటలో కూడా నిజముంది. 2004 తర్వాత చేత్తో అడ్డుకోవడంపై రిఫరీలు బాగా కఠినమయ్యారు. దానికి ఇంకో వైపు ఉంది, దాన్ని పాతకాలం అభిమానులు చెప్పరు. 2001 దాకా జోన్ డిఫెన్స్‌కి అనుమతి లేదు, ఎవరి మనిషి వెంట వాళ్ళు ఉండాల్సిందే. ఇప్పుడు లెబ్రాన్ లోపలికి వస్తుంటే ముగ్గురు ముందే గోడ కట్టి నిలబడొచ్చు.

డ్యురాంట్ గురించి. అతన్ని తక్కువ చేసేవాళ్ళు 2016లో, అప్పటికే అంత బలంగా ఉన్న వారియర్స్‌లో చేరాడనే కోపంతో చేస్తారు. ఆ కోపం నాకూ ఉంది, కానీ ఆట కొలిచేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి. నాలుగు స్కోరింగ్ టైటిల్స్, 2014 ఎంవీపీ, 2017, 2018లో ఫైనల్స్ ఎంవీపీ. దాదాపు ఏడడుగుల మనిషి గార్డులా డ్రిబుల్ చేసి తల మీద నుంచి షాట్ వేస్తే ఆపేదెవరు? కేవలం స్కోరింగ్ అయితే లెబ్రాన్ కంటే, బర్డ్ కంటే ముందు అతన్నే రాస్తాను. నలుగురినీ నడిపించే పాస్, ఆ పని మాత్రం ఈ ఇద్దరి స్థాయిలో అతని దగ్గర లేదు. బేలర్ తర్వాత నాలుగో స్థానం ఇస్తాను. డాక్టర్ జె అభిమానులు దీనికి ఒప్పుకోరు, వాళ్ళతో గొడవ కామెంట్లలో పెట్టుకుందాం.