బయటికి ఎన్ని లీటర్లు, లోపలికి ఎన్ని

అమ్మడూ,

ఆదివారం కారు ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు, అదే కూలెంట్, నువ్వే మారుస్తావట కదా. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "అన్నీ మేనమామ పోలికే" అని నవ్వింది కూడా. ఆ నవ్వు వెనక ఉన్న కథ నీకు తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

గర్వంగా లేదంటే అబద్ధం. ఫోన్ పెట్టేశాక నా పాత పానాల పెట్టె తీసి, పని లేకపోయినా ఒక్కొక్కటీ తుడిచి పెట్టాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తేలిక సంగతులు ముందు. రాత్రంతా ఆగి ఉన్న కారు మీద పొద్దున్నే మొదలుపెట్టు. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకు. లోపల ఒత్తిడి ఉండబట్టి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత వదులైన క్షణంలో మొహం మీదికి ఎగజిమ్ముతాయి. తాళం తీసేసినా ఫ్యాన్ తిరగొచ్చు, జడ ముడేసుకో. పాతది కిందికి వదిలే బిరడా, అదే డ్రైన్ ప్లగ్, ప్లాస్టిక్‌దైతే చేత్తోనే బిగించు, పానా పెట్టకు. పాతది వదిలేశాక, తేటనీళ్లు వచ్చేదాకా నీళ్లు నింపడం, ఇంజన్ నడపడం, చల్లార్చడం, వదలడం. ఓపిక పోయేది ఆ చల్లార్చడం దగ్గరే. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే లోహం పగులుతుంది, తొందరపడకు.

ఇక అసలు సంగతి.

నువ్వింకా పుట్టలేదు. మీ అమ్మను తెల్లవారుజామున రైలెక్కించాలి. ముందురోజు సాయంత్రం నేను ఇదే పని చేశాను. పాత కూలెంట్ బకెట్‌లోకి వదిలితే ఆరు లీటర్ల దాకా వచ్చింది. కొత్తది పోస్తూ పోతే నాలుగున్నర దగ్గర మూతి దాకా నిండింది. మిగిలిన డబ్బా చూసి ఏమనుకున్నానో తెలుసా? కొంత ఆదా అయిందనుకున్నాను! మూత బిగించి, చేతులు కడుక్కుని పడుకున్నాను.

చలికాలం. దారిలో మీ అమ్మ హీటర్ పెట్టింది. కాసేపటికి "ఏరా, చల్లగాలే వస్తోంది" అంది. కాస్త ఆగు, వేడెక్కాలిగా అన్నాను. మళ్లీ అంది. విసుక్కున్నాను. ఈలోగా ఇంజన్ వేడి చూపే గేజ్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. నా గుండె ఝల్లుమంది. అంతలో ముల్లు దానంతట అదే కిందికి దిగిపోయింది. "చూశావా, సర్దుకుంది" అని మీ అమ్మకు చూపించాను కూడా.

సర్దుకోలేదమ్మా. ముల్లుకు వేడి తెలిపే సెన్సర్ ఒకటి లోపలుంటుంది, నీళ్లలో మునిగి ఉంటేనే అది సరిగ్గా చెబుతుంది. లోపల ఒకటిన్నర లీటర్ల చోటులో గాలి చిక్కుకుని, సెన్సర్ చుట్టూ చేరింది. ఇంజన్ ఉడికిపోతుంటే ముల్లు చల్లగా ఉందంది. హీటర్‌లో చల్లగాలి వచ్చిందీ అందుకే, వేడినీళ్లు అక్కడిదాకా చేరనే లేదు. ఇంకొంచెం దూరం పోయాక బండి లాగడం మానేసింది. టకటకమని చప్పుడు, కమురు వాసన, ఆగిపోయింది. తర్వాత మెకానిక్ ఆయిల్ మూత తిప్పి వెనక్కి చూపించాడు, లోపలివైపు మీగడలాంటి తెల్లటి జిడ్డు. ఇంజన్ పైభాగాన్ని హెడ్ అంటారు, దాని కింద అతుకు కారకుండా ఉంచే గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్‌లో కలిశాయి, హెడ్ వంగింది. రైలు సరేసరి. మీ అమ్మ పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. ఒక్క మాట అనలేదు. ఇవాళ్టికీ అనదు, అలా నవ్వుతుంది.

కాబట్టి బకెట్ మీద లీటర్ల గీతలు పెట్టుకో. ఎంత వచ్చిందో కాగితం మీద రాయి. మాన్యువల్‌లో మొత్తం ఎన్ని లీటర్లో, ఏ రకం కూలెంటో చూడు. రంగు చూసి కొనకు, ఒకే రంగులో వేర్వేరు రకాలుంటాయి. కడిగిన నీళ్లు కొంత ఇంజన్‌లోనే మిగిలిపోతాయి, అందుకని ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ పోస్తే పలచనవుతుంది. నీళ్లు కలపని చిక్కటిది తెచ్చుకో. మీ కారుకు ఆరు లీటర్లు పట్టి, సగం సగం కలపమంటే ముందు మూడు లీటర్లు అది పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపు. కుళాయి నీళ్లు వద్దు, గార కడుతుంది.

కారు ముందుభాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలుపు. హీటర్ వేడి మీద పూర్తిగా తిప్పు. మెల్లగా పొయ్యి. లోపలి గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే దాన్నుంచి బుడగలు పోయి ధార వచ్చేదాకా వదులుగా ఉంచు. రేడియేటర్ మూత తీసి ఇంజన్ నడపమని మాన్యువల్‌లో ఉంటే, బండి నిలిపే ఉంచి అలాగే నడుపు, ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి ఇచ్చే థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బుడగలొచ్చి మట్టం దిగుతుంది, మళ్లీ పొయ్యి. పై హోస్, కింది హోస్ రెండూ వేడెక్కాలి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి చూడు.

ఒకటి మరిచాను, నువ్వు తిట్టినా చెబుతాను. పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, అదే దాని ప్రమాదం. బుజ్జిగాడు పాకే వయసు, ఏది దొరికినా నోట్లో పెడతాడు. కొంచెం మింగినా కిడ్నీలు పోవచ్చు. బకెట్ ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్లకు. కింద పడిన చుక్కలు తుడిచి కడుగు. మురుగులో పొయ్యకు, డబ్బాకెత్తి తీసుకునే గ్యారేజీకి ఇవ్వు.

ఆదివారం పని అవగానే ఫోన్ చేసి రెండు అంకెలు చెప్పు, ఎంత వచ్చింది, ఎంత పట్టింది. తొలి రౌండ్‌కి మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకో. హీటర్ ముందు చెయ్యి పెట్టి చూడమను. చల్లగా ఉందంటే వెంటనే బండి ఆపెయ్యి.

మీ మావయ్య