స్కోలియోసిస్‌కు (వెన్నెముక పక్కకు వంగిపోవడం) సర్జరీ చేస్తే పిల్లల ఎదుగుదల ఆగిపోతుందా?

ఆగదు, వెన్నులో కలిపేసిన భాగం మాత్రమే ఇక పెరగదు, మిగతా వెన్నూ కాళ్లూ మామూలుగానే పెరుగుతాయి. పక్కకు వంగిన పూసలను రాడ్లు, స్క్రూలతో సరిచేసి, ఒకే ఎముకలా అతుక్కునేలా చేస్తారు. దీన్నే ఫ్యూజన్ అంటారు. అతుక్కున్న పూసలు ఇక పొడవు పెరగలేవు.

తగ్గే ఎత్తు ఒక్కో పూసకు ఏడాదికి సుమారు 0.07 సెం.మీ. అని లెక్క. ఇంకా 2 ఏళ్ల ఎదుగుదల మిగిలిన అమ్మాయికి 10 పూసలు కలిపితే దాదాపు 1.4 సెం.మీ. వంపు సరికావడంతో అప్పటికప్పుడు వచ్చే ఎత్తు చాలాసార్లు దీనికంటే ఎక్కువే. కాబట్టి టీనేజ్ పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న టెన్షన్ అక్కర్లేదు.

అయిదారేళ్ల పిల్లల సంగతి మాత్రం వేరు. వాళ్ల ఛాతీ, ఊపిరితిత్తులు ఇంకా పెరగాలి. అందుకే వీలైనంతవరకు ఫ్యూజన్ వాయిదా వేసి, ఎదుగుదలతోపాటు పొడవు పెంచగలిగే గ్రోయింగ్ రాడ్లు వేస్తారు.