ఈయూకీ ఆసియాన్‌కీ ఒకటే ఒప్పందం ఎందుకు కుదరలేదు? కుదిరితే చిత్తూరు జిల్లాకి ఏమవుతుంది?

ప్రశ్న అడిగినాయన రెండు సంగతులు అడిగారు. యూరోపియన్ యూనియన్ (ఈయూ), ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ కూటమి రెండూ కలిసి ఒకే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఎందుకు చేసుకోలేదని మొదటిది. చేసుకుంటే మన తోతాపురి మామిడి గుజ్జు ఎగుమతికి దెబ్బా అని రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది. రెండోదాంట్లోనే అసలు విషయం ఉంది.

బేరానికి కూర్చున్నప్పుడు ఒకవైపు ఒక్కరే ఉన్నారు, ఇంకోవైపు పదిమంది. ఈయూ దేశాలన్నిటి తరఫునా వాణిజ్యం మాట్లాడేది బ్రస్సెల్స్‌లోని కమిషనే. బయటి సరుకు మీద అన్నిటికీ సుంకం పట్టిక కూడా ఒకటే. ఆసియాన్‌కి జకార్తాలో సచివాలయం ఉంది గానీ, సభ్యదేశాల సుంకాల మీద మాట ఇచ్చే అధికారం దానికి లేదు. ఏ దేశం పట్టిక ఆ దేశానిదే. సింగపూర్‌లో దాదాపు అన్నిటి మీదా సున్నా. కంబోడియా, లావోస్‌లకి 2001లో వచ్చిన పథకం కింద ఆయుధాలు తప్ప ఏ సరుకైనా సుంకం లేకుండానే అప్పట్లో యూరప్‌కి పోయేది (కంబోడియాకి 2020లో కొన్ని సరుకుల మీద ఆ రాయితీ తీసేశారు). వాళ్లకి కొత్తగా వచ్చేదేముంది అప్పుడు? ఇక మయన్మార్ సైనిక ప్రభుత్వంతో సంతకం పెట్టడానికి యూరప్ సిద్ధంగా లేదు. 2007లో మొదలైన చర్చలు 2009 మార్చికల్లా ఆగిపోయాయి.

దీన్ని ఆశ్చర్యంగా చూసేవాళ్లకి ఒకటి గుర్తుచేయాలి. 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆపితే, అక్కడి ముఖ్యమంత్రి ఇక్కడి ముఖ్యమంత్రికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఒకే దేశంలో, ఒకే కాయ మీద, రెండు రాష్ట్రాల మధ్యే ఇంత అయింది.

ఆసియాన్‌తో చర్చలు ఆగాక ఈయూ ఒక్కో దేశంతో విడివిడిగా బేరాలు మొదలుపెట్టింది. సింగపూర్ ఒప్పందం 2019 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. మధ్యలో 2017లో యూరప్ కోర్టు, పెట్టుబడుల భాగానికి సభ్యదేశాల ఆమోదం కూడా కావాలని చెప్పడంతో, దాన్ని వాణిజ్యం, పెట్టుబడి అని రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. వియత్నాంతో 2019 జూన్ 30న సంతకం, 2020 ఆగస్టు 1న అమలు. మన పేపర్లు సంతకం ఫోటో వేసి వదిలేస్తాయి. అమలు తేదీ, ఏ సరుకు మీద ఎన్నేళ్లలో సుంకం తగ్గుతుందన్న అనుబంధం ఎవరూ వేయరు. వ్యాపారికి కావలసింది ఆ అనుబంధమే. వియత్నాం సరుకుల్లో కొన్నిటికి యూరప్ సుంకం పూర్తిగా పోవడానికి 7 ఏళ్ల గడువు పెట్టారు.

ఆ వియత్నాం ఒప్పందంలో బట్టల నిబంధన చూడండి. కూటముల లెక్క మన ఊరిదాకా ఎట్లా వస్తుందో అందులో కనిపిస్తుంది. వియత్నాంలో కుట్టిన చొక్కాకి యూరప్‌లో రాయితీ రావాలంటే గుడ్డ నేయడం, కుట్టడం రెండూ వియత్నాంలోనో యూరప్‌లోనో జరగాలి. నూలు ఎక్కణ్ణుంచి తెచ్చినా అభ్యంతరం లేదు. కొరియా గుడ్డకి మినహాయింపు ఉంది, ఎందుకంటే కొరియాకి 2011 నుంచే యూరప్‌తో ఒప్పందం అమల్లో ఉంది. మన పేరు ఆ నిబంధనలో లేదు. అంటే మన నూలు పోయి అక్కడ గుడ్డయి చొక్కా అయితే రాయితీ వస్తుంది. నగరి మరమగ్గాల మీద నేసిన గుడ్డ పోయి అదే చొక్కా అయితే రాదు. నేతపని విలువ ఎవరికి దక్కాలో ఆ ఒక్క వాక్యం తేల్చేసింది. రేపు రెండు కూటములకీ ఒకటే ఒప్పందం వచ్చినా, మూల దేశం నిబంధన (సరుకు ఏ దేశానిదిగా లెక్కించాలో చెప్పేది) ఇట్లాగే ఉంటే నగరికి ఒరిగేదేమీ లేదు. నా మటుకు నాకు సుంకం శాతం కంటే ఇదే పెద్ద సంగతి.

ఇప్పుడు గుజ్జు. రేపటి ఒప్పందం సంగతెలా ఉన్నా, ఇప్పటికే ఉన్న రాయితీ చేజారకుండా చూసుకోవాలి. ఆసియాన్‌తో మన సరుకుల ఒప్పందం 2010 జనవరి 1 నుంచీ అమల్లో ఉంది. 215 కిలోల అసెప్టిక్ (క్రిములు చేరకుండా నింపిన) డ్రమ్ములు 80 దాకా పట్టే 20 అడుగుల కంటైనర్ చెన్నై నుంచి మలేషియాకి పోతుందనుకోండి. రాయితీ కోసం ఏఐ (ఆసియాన్-ఇండియా) ఫారం, అంటే సరుకు ఏ దేశానిదో చెప్పే ధ్రువపత్రం, కావాలి. మామిడి చిత్తూరుదే కదా అని 'పూర్తిగా భారత్‌లో తయారైంది' అన్న గడిలో రాసేస్తారు. ఆమ్లత సరిచేయడానికి వేసిన సిట్రిక్ యాసిడ్ దిగుమతి సరుకైతే ఆ మాట చెల్లదు. అప్పుడు రెండు షరతులూ చూపించాలి: 35 శాతం విలువ ఇక్కడిదై ఉండాలి, విదేశీ ముడిసరుకు కస్టమ్స్ కోడ్‌కీ తయారైన సరుకు కోడ్‌కీ ఆరంకెల ఉపశీర్షిక మారాలి. కాయ, కూలి, కరెంటు అన్నీ ఇక్కడివే కాబట్టి లెక్క తేలిగ్గానే తేలుతుంది. తప్పు గడి నింపితే మాత్రం అక్కడి కస్టమ్స్ పూర్తి సుంకం అడుగుతుంది, కొన్నవాడు దాన్ని మీ బిల్లులో కోస్తాడు. ఇన్‌వాయిస్ మీద కోడ్ ఒకటి, ఫారం మీద ఇంకొకటి ఉన్నా ఇదే గతి.

యూరప్‌కి పంపేవాళ్లకి ఫారం వేరు. వాళ్ల సాధారణ రాయితీ పథకంలో పాత 'ఫారం-ఏ' (Form A) పోయి, ఎగుమతిదారు తన పేరు నమోదు చేసుకునే రెక్స్ పద్ధతి వచ్చింది. సరుకు విలువ 6000 యూరోలు దాటితే, ఇన్‌వాయిస్ మీద రాసే మూల ప్రకటనలో రెక్స్ నంబరు ఉండి తీరాలి. ముందు మీ సరుకు విభాగానికి రాయితీ ఇంకా ఉందో లేదో చూసుకోండి. విభాగాల వారీగా తీసేస్తుంటారు.

ఇంకొకటి, ఎక్కువమంది మర్చిపోయేది: ఓడ కొలంబోలోనో పోర్ట్ క్లాంగ్‌లోనో మారితే, చెన్నై నుంచి చివరి రేవుదాకా ఒకటే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) తీసుకోండి. రెండు ముక్కలుగా ఉంటే, దారిలో సరుకు ఎవరి చేతా పడలేదని నిరూపించే భారం మీ మీదే పడుతుంది.